ఫ్లెక్సీ మీద పిల్ల ఎవరు?

మా మనవరాలికి ఓణీ వేయించే పండగకని కొట్టించిన ఫ్లెక్సీని మా కొడుకు ఆటోలో తెచ్చి, వసారాలో గోడకు ఆనించి, మళ్ళీ కిరాయికి వెళ్ళిపోయాడు. కోడలు తిరుచానూరులో లాడ్జీ పనికి పోయింది. మనవరాలు బడికి పోయింది. ఇంట్లో నేనొక్కదాన్నే ఉన్నాను. కొత్త వస్తువు గడప దాటి లోపలికి వస్తే విప్పి చూడకుండా నా చెయ్యి ఆగదు. చుట్ట విప్పి వసారా పొడుగునా పరిచి, గాలికి లేవకుండా ఒక పక్క చెంబు, ఒక పక్క రుబ్బురోలు పొత్రం పెట్టాను.

పైన దేవుడు, చుట్టూ గులాబీలు, రెండు వైపులా నెమళ్ళు, నడుమ ఒక పిల్ల. మా వాళ్ళెవరి ఫోటోలూ అందులో వద్దని ముందే నేను అడ్డుపడ్డాను. ఓణీ వేసేది పిల్లకు, మీ మీసాలకు కాదు అన్నాను. అందుకని నడుమ ఆ పిల్ల ఒక్కతే ఉంది. మీగడ రంగు మొహం. బుగ్గల మీద గులాబీ రంగు. ముక్కు పక్కన నీడ లేదు, మెడ మీద మడత లేదు. ఎవరి బిడ్డో, బాగానే ఉంది అనుకున్నాను.

కింద పేరు చదివాను. నా చదువు మూడో తరగతి దాకానే. అక్షరం అక్షరం పట్టుకుని లాగితే గానీ మాట కాదు. లాగి చదివితే పేరు మా పిల్లదే. అయితే ఆ పేరున్న పిల్లలు మా వీధిలోనే ఇంకా ఉన్నారు. కొట్టువాళ్ళు తారుమారు చేశారు, మా పిల్ల ఫ్లెక్సీ ఎవరింటికో పోయింది, వాళ్ళు దాన్ని ఏ గొడ్ల పాకకో కప్పేసేలోగా తెచ్చుకోవాలి అని తేల్చుకున్నాను. చుట్టి, తాడు కట్టి, భుజాన వేసుకుని బస్సెక్కాను. ఆడవాళ్ళకు టికెట్ లేకుండా పోయాక నాకు బస్సు ఎక్కడానికి పెద్ద కారణం అక్కర్లేదు.

"ఏమవ్వా, ఏ పార్టీలో చేరినావు?" అన్నాడు కండక్టరు, భుజాన ఉన్న చుట్టను చూసి.

"నీ మాదిరి వాగేవాళ్ళు లేని పార్టీలో. జరుగు," అన్నాను.

ఫ్లెక్సీ కొట్టు బయట బోర్డు మీద ఒక తెల్లటి అమ్మాయి రెండు చేతులూ జోడించి నవ్వుతూ ఉంది. లోపల కంప్యూటరు ముందు ఇంకో అమ్మాయి ఉంది. నా రంగే, ఒక పిసరు ముదురు. కొట్టు తనదేనట. బోర్డు మీదిది కూడా తనేనని నాకు తర్వాత ఎప్పుడో గానీ తట్టలేదు.

"పాపా, మా ఫ్లెక్సీ మారిపోయినాది. ఇది ఎవురిదో సూడు. వాళ్ళూ ఎతకతా ఉంటారు."

ఆ అమ్మాయి ఒక కొస విప్పి చూసింది. "ఏమీ మారలేదవ్వా. పేరు సదువు."

"సదివినాలే. పేరు సరిగ్గానే ఉండాది. మొగం ఎవురిది?"

ఆ అమ్మాయికి నవ్వు ఆగలేదు. ఆగాక కంప్యూటరు తెర నా వైపు తిప్పింది. తెర మీద మా మనవరాలు ఉంది. బడికి పోయేముందు వాకిట్లో తీసిన ఫోటో. నుదుటి మీద నూనె మెరుపు, గడ్డం మీద మొటిమ, మా నాయన ముక్కు. మా నాయన ముక్కు అంటే ఊళ్ళో నలుగురిలో నిలబడినా తెలిసిపోయే ముక్కు. అది నాకు వచ్చింది, నా కొడుక్కి వచ్చింది, ఈ పిల్లకూ వచ్చింది.

"ఇదో, ఇది మీ పిల్ల. ఇదో, ఇప్పుడు సూడు," అని ఏదో నొక్కింది. మా పిల్ల పోయి మీగడ పిల్ల వచ్చింది.

"ఏం నొక్కినావు?"

"గ్లో."

"ఎనక్కి పో."

వెనక్కి పోయింది. మా పిల్ల వచ్చింది.

"మళ్ళా నొక్కు."

ఇట్లా ఎన్నిసార్లు నొక్కించానో. ఆ అమ్మాయి విసుక్కోలేదు, అది మాత్రం చెప్పాలి. నాకేమో అది ఎట్లా జరుగుతుందో పట్టుకోవాలని. ఒక్కోసారి ఒక్కో చోట కళ్ళు పెట్టుకుని చూశాను. పోతున్నది నలుపు ఒక్కటే కాదు. దాంతో పాటు ముక్కు దూలం పక్కనున్న నీడ పోతోంది. నీడ పోతే ముక్కు సగం అయిపోతోంది. కళ్ళ కింద ఉండే కాస్త గుంట పోతోంది. నవ్వితే పడే గీత పోతోంది. మిగిలినదాన్ని ఏ పేరుతో పిలిచినా పలుకుతుంది.

"ఇట్ల సెయ్యమని ఎవురు సెప్పినారు? మావోడా?"

"లేదవ్వా. మీ పిల్లే. మీ కొడుకు బయట ఆటో కాడ ఉంటే, ఈడ ఈ స్టూలు మీద కూసోని, ఇంకొంచెం అక్కా, ఇంకొంచెం అక్కా, అని సేయించుకున్యాది."

నేను ఆ స్టూలు మీదే కూర్చుని ఉన్నాను. నాకు ముందు కోపం రాలేదు. ఒక సంగతి తెలుసుకోవాలనిపించింది. "యాడికి వచ్చినాక సాలనింది?"

ఆ అమ్మాయి తెర మీద ఒక గీత చూపించింది. గీత మీద ఒక చుక్క, దాన్ని కుడివైపుకు జరిపేకొద్దీ మొహం తెల్లబడుతుంది. చుక్క గీత చివర ఉంది.

"ఇంగ జరిపేదానికి తావు లేదవ్వా. అందుకే ఆగినాది."

ఫ్లెక్సీని మళ్ళీ భుజాన వేసుకుని ఇంటికి వచ్చాను. సాయంత్రం మనవరాలు బడి సంచీ దించేలోపే అడిగాను.

"ఏమ్మే, ఫ్లెక్సీ మీద ఉండే పిల్లను యాడి నుంచి తెస్తావు? పండగ రోజు పీట మీద ఆ పిల్ల కూసుంటాదా, నువ్వు కూసుంటావా?"

మనవరాలు నా వైపు చూడకుండా జడ విప్పుకుంటూ అంది, "అందురూ అట్లనే ఏసుకుంటారవ్వా."

"అందురూ అంటే ఎవురు?"

"అందురూ. నువ్వే పోయి సూడు. ఊర్లో ఉండే ఫ్లెక్సీలన్నీ సూడు. నా రంగులో ఒక్కురన్నా ఉంటే వచ్చి సెప్పు. అప్పుడు నీ ఇష్టం వచ్చినట్టు కొట్టిచ్చుకో. లేదంటే ఇదే కట్టాల. దీన్ని తీసేసి నన్ను ఉండేదున్నట్టు ఏస్తే, నేను పీట మీద కూసోను. ఎవురినన్నా కూసోబెట్టుకోండి."

అప్పుడే పని నుంచి వచ్చిన కోడలు గుమ్మంలోనే నిలబడి విన్నది. "అత్తా, దాంతో పెట్టుకోవద్దు. నగరి నుంచి మావోళ్ళంతా బయలుదేరి వస్తాండారు. కొంచెం తెల్లంగా ఉంటే ఏం పోతాది?"

"ముక్కు పోయినాది, సూడు," అన్నాను.

ఆ రాత్రి పడుకుని ఆలోచించాను. పిల్ల అడిగినది న్యాయంగానే అడిగింది. ఇన్నేళ్ళుగా ఈ ఊళ్ళో తిరుగుతున్నాను, ఏ ఫ్లెక్సీ మీద ఏ రంగు మనిషి ఉన్నాడో నేనెప్పుడైనా చూశానా? చూడని దాని గురించి ఎట్లా వాదిస్తాను? మర్నాడు అందరూ పనుల మీద పోయాక తాళం వేసి, బస్సెక్కి, కిటికీ పక్కన కూర్చున్నాను.

"యాడ దిగాల అవ్వా?"

"దిగను. సూస్తాండా."

అలిపిరి దాకా పోయి, అక్కడి నుంచి తిరుచానూరు దాకా వచ్చాను. కుడివైపు చూడడానికి ఒకసారి, ఎడమవైపు చూడడానికి ఇంకోసారి. పుట్టినరోజు జరుపుకునే నాయకులు అందరూ మైదాపిండి ముద్దల్లా ఉన్నారు. నగల కొట్టు మీద పిల్ల, చీరల కొట్టు మీద పిల్ల, ర్యాంకులు తెచ్చుకున్న పిల్లలు. ఓణీ పండగల పిల్లలైతే అందరూ ఒక తల్లి బిడ్డలే. ఏ ఇంటి పిల్ల ఏ ఇంటిదో వాళ్ళమ్మలు కూడా పేరు చదువుకునే తెలుసుకోవాలి. ఒక మలుపులో మా పాత వీధి ఆయన కనిపించాడు. ఇటుకల బట్టీలో బతుకంతా కాలి, మసి రంగుకు వచ్చిన మనిషి. మొన్న పోయాడు. అశ్రునివాళి ఫ్లెక్సీలో పాలలో ముంచి తీసినట్టున్నాడు. ఆయన భార్య దాన్ని చూసి ఎవరి కోసం ఏడ్చిందో.

పిల్ల చెప్పిందే నిజం. ఒక్కరంటే ఒక్కరు లేరు. పందెం ఓడిపోయాననే దిగులుతో బస్టాండులో దిగాను. నీళ్ళు తాగుదామని కుళాయి దగ్గరకు పోతే, పక్కన గోడ మీద ఒక కాగితం అంటించి ఉంది. కనబడుట లేదు. కొండకు వచ్చే జనంలో రోజూ ఎవరో ఒకరు తప్పిపోతూనే ఉంటారు, అట్లాంటి కాగితాలు మాకు కొత్త కాదు. కానీ ఆ రోజు కళ్ళు మొహాలు వెతికే పనిలోనే ఉండడం వల్ల అక్కడ ఆగాయి. నా వయసు మనిషి. గుండు చేయించుకోక ముందు తీసిన ఫోటో. ఎండకు కళ్ళు చిట్లించి ఉంది. రెండు ముక్కుపుడకలు. చెంప మీద పొడ మచ్చ. కింద రాసింది అక్షరం అక్షరం లాగి చదివాను. ఎత్తు రాశారు, ఇప్పుడు గుండు అని రాశారు, కట్టిన చీర రాశారు. రంగు: నలుపు, అని దాచుకోకుండా రాశారు.

ఈవిడ మీద ఎవరూ గ్లో నొక్కలేదు. ఎందుకు నొక్కలేదు? అక్కడే నిలబడి ఆలోచించాను. నొక్కితే ఈవిడ దొరకదు. ఇంటివాళ్ళకు ఈవిడ కావాలి. ఆ పొడతో, ఆ చిట్లించిన కళ్ళతో, ఆ నలుపుతో ఉన్న మనిషే కావాలి. ఇంకొకరు వస్తే వాళ్ళు ఏం చేసుకుంటారు?

ఇది చెబితే పిల్ల ఇక మాట్లాడదు అనుకుంటూ ఇంటికి వచ్చాను. చెప్పాను. పిల్ల అంతా విని, "నేనేమన్నా తప్పిపోయినానా అవ్వా? నేను ఫ్లెక్సీ అడిగినా. నువ్వు కాయితం సూసొచ్చినావు," అంది.

ఇదీ న్యాయమే. మా నాయన ముక్కుతో పాటు నా నోరు కూడా వచ్చినట్టుంది దీనికి అనుకున్నాను. కానీ అన్నం తింటూ తింటూ అదే అడిగింది.

"ఆ అవ్వ దొరికినాదా?"

"తెలీదు."

"ఎట్లుండాది సూసేదానికి?"

"నా మాదిరే."

పిల్ల కంచంలో ముద్ద కలిపి కలిపి, తినకుండా కాసేపు నా మొహం వైపే చూసింది.

మర్నాడు మళ్ళీ ఫ్లెక్సీ కొట్టుకు పోయాను. ఈసారి నాకు వేరే అనుమానం వచ్చింది. అసలు ఉన్న రంగు ఫ్లెక్సీ మీద పడుతుందా? ఆ యంత్రానికే చేతకాక అందరినీ తెలుపు చేస్తున్నారేమో.

"నిజం సెప్పాల్నంటే సగం అదే అవ్వా," అంది ఆ అమ్మాయి. "ముదురు రంగు ఉండేదున్నట్టు పంపిస్తే బురద మాదిరి పడతాది. అందుకని లైటు లేపుతాం. లేపినాక యాడ ఆపాల్నో ఎవురూ సెప్పరు. ఉండే రంగు కావాలని ఇంతవరకూ ఒకరూ అడగలేదు."

"నేను అడగతాండా గదా."

ఆ అమ్మాయి కుర్చీలో వెనక్కి వాలి నా చేతి వైపు చూసింది. "ఇట్ల పెట్టు సూస్తాం," అంది.

పెద్ద ఫ్లెక్సీలు కొట్టాక అంచుల్లో మిగిలే పేలికలు కొట్టులో ఒక మూల పడి ఉన్నాయి. వాటి మీద నా చేతి రంగు వేయడం మొదలుపెట్టింది. మొదటిది బూటు పాలిషు. రెండోది ఇటుక. మూడోది పాచి పట్టిన బండ. ఆ యంత్రంలో ఉన్నవి నాలుగు సిరాలేనట, లోకంలో ఉన్న రంగులన్నీ వాటిలోంచే రావాలట. నాకు మా నాయన మగ్గం గుర్తొచ్చింది. నగరిలో నేను మూడో తరగతి మానేసి నూలు కండెలు చుట్టే రోజుల్లో మా నాయన పడుగుకు ఒక రంగు, పేకకు ఒక రంగు వేసి నేసేవాడు. గుడ్డ కదిలితే అడుగునున్న రంగు పైకి తేలేది.

"పాపా, నువ్వు నలుపు పైన పోస్తాండావు," అన్నాను. "మన తోలు అట్లుండదు. అడుగున ఎరుపు ఉండాల, దాని మీద పసుపు, నలుపు ఆఖర్న, సన్నంగా."

"అట్లనా?" అని ఆ అమ్మాయి ఏవేవో అంకెలు మార్చింది. వచ్చినది అప్పటికీ సరిపోలేదు. కానీ బురద మాత్రం కాదు. ఇద్దరం దాన్ని వెలుతురులోకి తీసుకుపోయి నా చెయ్యి పక్కన, తన చెయ్యి పక్కన పెట్టి చూశాం. తన చెయ్యికి అది కొంచెం పచ్చన, నాకు కొంచెం ఎరుపు. తను ఇంకొన్ని వేసింది. పేలికలన్నీ కొంగున కట్టుకుని వచ్చాను. ఊరికే వచ్చిన వాటిని వదిలిపెట్టే అలవాటు నాకు లేదు.

పొద్దున్నే గడప మీద ఎండ పడగానే వాటిని వరసగా పరుచుకుని చెయ్యి చాపి కూర్చున్నాను. మనవరాలు బడికి తయారై, రిబ్బను నోట్లో పట్టుకుని వచ్చింది.

"ఏందివ్వా ఇవి?"

"నా రంగు యాడుందో ఎతకతాండా. అడ్డం నిలబడొద్దు, ఎండ రానీ."

కాసేపు నిలబడి చూసింది. తర్వాత వంగింది. "అది కాదవ్వా. అది నీ మోసేయి. నీ సెయ్యి ఇదో, ఇది."

"అట్లనా? మరి నీది?"

ఒక పేలిక తీసి తన మణికట్టు మీద పెట్టుకుంది. కాదంది. ఇంకోటి తీసింది. చెయ్యి అటు తిప్పి, ఇటు తిప్పి, లోపలివైపు ఒకటి, బయటివైపు ఒకటి అంది. లోపలికి పోయి అద్దం తెచ్చుకుంది. నుదుటి దగ్గర ఒకటి పెట్టి చూసుకుంది, గడ్డం దగ్గర ఒకటి. "నుదురు, గడ్డం ఒకటి కాదవ్వా! సూడు, సూడు!" అంది. రిబ్బను ఎప్పుడో కింద పడిపోయింది. లోపలి నుంచి వాళ్ళమ్మ, "బస్సు పోతాది మే!" అని అరుస్తోంది. ఆ పిల్ల అద్దంలో ఇన్నాళ్ళూ మొటిమలు వెతుక్కోవడం చూశాను గానీ, అంత నెమ్మదిగా, కొత్త ఊరికి వచ్చినదానిలాగా తన మొహం తాను చూసుకోవడం నేను చూడలేదు. పోతూ పోతూ రెండు పేలికలు జామెట్రీ బాక్సులో వేసుకుని పోయింది. నేను చూడనట్టు ఊరుకున్నాను.

ఆ సాయంత్రం బడి వదిలే వేళకు ఇల్లు చేరలేదు. చీకటి పడుతుండగా వచ్చింది. వాళ్ళమ్మ చీపురు చేతిలోకి తీసుకునేలోపే చెప్పేసింది.

"ఫ్లెక్సీ అక్క కాడికి పోయినా. నుదురుకు ఒకటి, బుగ్గకు ఒకటి, మెడకు ఒకటి ఏయించినా. ఆ అక్కకు నేనే సూపించినా, యాడ యాది రావాల్నో."

"అట్లయితే పీట మీద కూసుంటావా?" అని అడిగాను.

"ముందు రానీ. సూసి సెప్తా."

పండగ ముందు రోజు కొత్తది వచ్చింది. ఈసారి నేను చెయ్యి పెట్టలేదు. నాకు అది ఎంత కష్టమో మా ఇంట్లో అందరికీ తెలుసు. పిల్లే తాడు విప్పింది, పిల్లే పరిచింది. దాని కొస దగ్గర నిలబడి చూస్తూ ఉండిపోయింది. మా కొడుకు ఏదో అనబోతే కళ్ళతోనే ఆపాను. నెమళ్ళు, గులాబీలు అవే. నడుమ మా వాకిట్లో నిలబడిన మా పిల్ల. నుదుటి మీద ఎండ పడితే అడుగున ఉన్న ఎరుపు పైకి తేలుతోంది.

"మొటిమ మాత్రం తీయించినా అవ్వా," అంది చివరికి.

"అది ఎట్లా పొయ్యేదే. పోనీ. ముక్కు?"

"ముక్కు తీస్తే నువ్వు ఊరకుంటావా? ఉండాది సూడు." తర్వాత వాళ్ళ నాయన వైపు తిరిగింది. "నాయనా, కట్టేయి. కొంచెం కిందికి కట్టు, మొగం కనబడాల."

పాత ఫ్లెక్సీ మంచి మందం. పారేయడానికి నాకు చేతులు రాలేదు. మిద్దె మీద చింతపండు ఎండబోయడానికి పనికొచ్చింది. సిరా తినే వస్తువుకు అంటుతుందని బొమ్మను కిందికి వేశాను.

పండగ పొద్దున వీధిలో ఒకావిడ తలెత్తి చూసి, "ఏంది అత్తా, ఫ్లెక్సీ కొట్టోళ్ళు లైటు ఏయలేదా?" అంది. నేను నోరు తెరిచేలోపే వెనక నుంచి మా పిల్ల గొంతు వినిపించింది. "ఏసినారక్కా. ఎంత ఉండాల్నో అంత."

ఇంతలో నగరి వాళ్ళు వచ్చారు. కోడలి అన్న, అంటే పిల్ల మేనమామ, పావడా ఓణీ పళ్ళెంలో పెట్టుకుని ముందు వస్తున్నాడు. వాళ్ళతో మా మేనత్త కూడా వచ్చింది. మా నాయన చెల్లెలి వరస, కళ్ళు అంతంత మాత్రం. మనవరాలిని ఉయ్యాలలో ఉండగా చూసిందే, మళ్ళీ చూడలేదు. ఫ్లెక్సీ కింద పిల్లలంతా గుంపుగా చేరి ఫోన్లలో ఫోటోలు తీసుకుంటున్నారు. మా పిల్ల ఇంకా తల కూడా దువ్వుకోలేదు, పాత గౌనులోనే వాళ్ళ నడుమ ఉంది. మేనత్త చెయ్యి అడ్డం పెట్టుకుని ఫ్లెక్సీ వంక చూసింది. తర్వాత గుంపు వంక చూసింది. ఎవరినీ అడగలేదు. పిల్లలను తప్పించుకుంటూ నేరుగా పోయి మా పిల్ల గడ్డం పట్టుకుంది.

"నువ్వేగదమ్మే మా అన్న ముని మనవరాలివి?"

"ఎట్ల కనుక్కున్యావు అవ్వా?" అంది పిల్ల, ఆశ్చర్యంగా.

"ఎట్లనా? అంత పెద్ద బొమ్మ కట్టుకోని, ఎట్ల అని నన్ను అడగతావేం?"

మా పిల్ల తలెత్తి ఫ్లెక్సీని చూసింది. తర్వాత గుంపులోంచి నన్ను వెతుక్కుని చూసింది. గబగబా లోపలికి పోయి, ఇంకా ఎవరూ పిలవకముందే, ముగ్గు కూడా పూర్తికాని పీట మీద కూర్చుంది.

"ఇంగా పొద్దు ఉండాది. లెయ్యి, పొయ్యి తల దువ్విచ్చుకో," అని కసిరాను.